వేడిని కొలిచే తీగలు

పరిశ్రమల్లో ఉష్ణోగ్రత కొలత అధికభాగం థర్మోకపుల్, ఆర్‌టీడీ అన్న రెండు జాతుల సెన్సర్ల మీదే నడుస్తుంది. వీటిలో ఏది కావాలో గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి తేల్చేయడం చాలాచోట్ల ఉన్న అలవాటే అయినా, సెన్సర్ ఏ వాయువుల మధ్య, ఎంతకాలం, ఎంత నిక్కచ్చిగా పనిచేయాలో ముందుగా తెలుసుకోకుండా చేసిన ఎంపిక నిలవదు.

రెండు వేర్వేరు లోహాల తీగలను రెండు కొసలా కలిపి ఒక అతుకును వేడిచేస్తే ఆ వలయంలో కలిగే ప్రభావాన్ని 1821లో థామస్ సీబెక్ గుర్తించాడు; థర్మోకపుల్‌కు అదే పునాది. విరివిగా వాడే కె రకంలో ఒక తీగ నికెల్-క్రోమియం మిశ్రమం, రెండోది నికెల్-అల్యూమినియం మిశ్రమం. కొసల మధ్య ఒక్కో డిగ్రీ సెల్సియస్ తేడాకు సుమారు 41 మైక్రోవోల్టులు వస్తాయి. ఇది కొలిచేది తేడానే గనుక, మీటరు తన వైపు కొస ఎంత వేడిగా ఉందో వేరుగా కొలిచి కలుపుకుంటుంది. అందుకే మీటరు దాకా అవే మిశ్రమాల తీగ గానీ, దానికి సరిపడే కాంపెన్సేటింగ్ కేబుల్ గానీ వెళ్లాలి. మధ్యలో మామూలు రాగి తీగ వేస్తే, ఫర్నేసు పక్కనున్న టెర్మినల్ హెడ్ 60 డిగ్రీలు, కంట్రోల్ రూము 25 డిగ్రీలు ఉన్నప్పుడు రీడింగు దాదాపు 35 డిగ్రీలు తక్కువ పడుతుంది.

ఆర్‌టీడీ వేడెక్కేకొద్దీ పెరిగే లోహ నిరోధాన్ని ఆధారం చేసుకుంటుంది. పీటీ100 అనే ప్లాటినం సెన్సర్ నిరోధం సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓములు. అంటే డిగ్రీకి 0.4 ఓము కూడా లేదు. రెండు తీగలతో కలిపితే కేబుల్‌లోని ఒక్క ఓము నిరోధమే రెండున్నర డిగ్రీల తప్పు తెస్తుంది గనుక మూడో తీగను జోడించి దాన్ని రద్దు చేస్తారు. పాలను 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు ఉంచే పాశ్చరైజేషన్‌లో ఒక డిగ్రీ తేడా కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి అక్కడ ప్లాటినమే తగినది. అదే సెన్సర్‌ను విపరీతంగా అదిరే యంత్రానికి బిగిస్తే సన్నని తీగ తెగిపోవచ్చు.

కరిగిన ఉక్కు సంగతి వేరు. సుమారు 1600 డిగ్రీల ఆ ద్రవంలో మామూలు సెన్సర్ ఎక్కువసేపు బతకదు కాబట్టి, అట్టగొట్టం కొసన సన్నని క్వార్ట్జ్ నాళంలో అమర్చిన ప్లాటినం-రోడియం థర్మోకపుల్‌ను కొన్ని సెకన్లు ముంచి, రీడింగు తీసుకున్నాక ఆ కొసను పారేస్తారు. ఖరీదైన లోహాన్ని ఇలా ఒక్కసారికే వాడడం దుబారాలా తోచినా, ఒక హీటు, అంటే ఒక విడతలో కరిగించిన ఉక్కు, విలువ ముందు అది స్వల్పం.

తెగిన తీగను కంట్రోలర్ వెంటనే పసిగట్టి అలారం ఇవ్వగలదు. మెల్లగా దారితప్పే తీగను పట్టుకోవడమే కష్టం. కె రకాన్ని 800 నుంచి 1050 డిగ్రీల మధ్య, ఆక్సిజన్ కొరవడిన చోట వాడితే తీగలోని క్రోమియం మాత్రమే ఆక్సీకరణం చెంది, ఆకుపచ్చ పొర కట్టి, వోల్టేజి తగ్గుతుంది. తక్కువ రీడింగును నమ్మిన కంట్రోలర్ ఇంకా ఇంధనం పోస్తుంది, సరుకు మాడుతుంది. అలాంటి ఫర్నేసుకు ఎన్ రకం థర్మోకపుల్ మేలు. అనుమానం వచ్చిన థర్మోకపుల్‌ను ఊడదీసి ప్రయోగశాలకు పంపితే తప్పు సరిగా బయటపడకపోవచ్చు. పాడైన భాగం అక్కడ వేరే వేడిలో పడుతుంది. కాబట్టి అది ఫర్నేసులో ఉండగానే పక్కన కొత్త ప్రామాణిక సెన్సర్‌ను దించి, రెండు రీడింగులనూ పోల్చి చూడాలి.