'అ' దాటని సంపుటాలు

ఏలూరు వాళ్లకు పెదవేగి ఎంతో దూరం కాదు. శాలంకాయనుల వేంగి అదే. తెలుగులో మొదట వచ్చిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వంలో వేంగి కోసం వెతికితే దొరకదు. కొల్లేరూ లేదు, ఏలూరూ లేదు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు సంపాదకత్వంలో వెలువడిన మూడు సంపుటాలూ 'అ' అక్షరం దగ్గరే ఆగిపోయాయి.

అయినా వాటిని ఓటమిగా చూడటం అన్యాయం.

లక్ష్మణరావు 1877లో పెనుగంచిప్రోలులో పుట్టారు. అక్క భండారు అచ్చమాంబ ఇంట ఉండి నాగపూరులో చదువుకున్నారు. మరాఠీలోనూ రాశారు. ఎం.ఎ. చదివి, మునగాల సంస్థానానికి దివానయ్యారు. ఒకపక్క ఎస్టేటు వ్యవహారాలు చూస్తూనే 1906లో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, సైన్సు పుస్తకాలు తెలుగులో వెలువరించారు.

కొలువు చేస్తూ సంపాదకత్వం నెరపిన వాళ్లకు చైనా పుట్టిల్లు. సొంగ్ వంశం నాటి సీమా గ్వాంగ్ పంతొమ్మిదేళ్లు కూర్చుని 294 ప్రకరణాల చరిత్రను 1084లో చక్రవర్తికి సమర్పించాడు. సహాయకులు పొడవాటి చిత్తుప్రతులు రాసిస్తే ఆయన కోసి కుదించేవాడు. ఒకే సంఘటనకు రెండు కథనాలుంటే దేన్ని ఎందుకు నమ్మాడో విడిగా 30 ప్రకరణాల్లో రాసిపెట్టాడు. ఇంతటి నిజాయితీ ఏ కాలంలోనైనా అరుదే. కాకపోతే ఆయనకు రాజుగారి గ్రంథాలయం, ప్రభుత్వ ఖర్చు అండగా ఉన్నాయి.

లక్ష్మణరావుకు చక్రవర్తి లేడు. పైగా అకారాది క్రమం సంపాదకుణ్ణి ఊపిరాడనివ్వదు. ముందు రావలసిన వ్యాసం చేతికందకపోతే వెనకవన్నీ ఆగాల్సిందే. సైన్సు వ్యాసమైతే పరిభాష కూడా చాలాచోట్ల కొత్తగా కూర్చుకోవాలి. ఆ పనిలో ఆయనకు తోడుగా నిలిచిన యువకుడు మల్లంపల్లి సోమశేఖర శర్మ. 1891లో పోడూరు దగ్గరి మినిమించిలిపాడులో పుట్టిన మన గోదావరి మనిషి.

మద్రాసులో లక్ష్మణరావు ఇల్లు వేదవిలాస్. కందుకూరి వీరేశలింగం 1919లో కన్నుమూసింది ఆ ఇంట్లోనే. 1923లో లక్ష్మణరావూ వెళ్లిపోయారు. అప్పటికి 46 ఏళ్లే. తలపెట్టిన 'ఆంధ్ర' సంపుటం ఆయన చేతుల మీదుగా బయటికి రాలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు సర్వస్వాన్ని మళ్లీ ఎత్తుకున్నారు గానీ 1938లో ఆయనా పోయారు.

శర్మగారు మాత్రం ఆగలేదు. శాసనాలు చదివీ చదివీ చరిత్రకారుడయ్యారు. 1948లో రెడ్డి రాజ్యాల చరిత్రను ఇంగ్లీషులో గ్రంథంగా వెలువరించారు. తెలుగు భాషా సమితి విజ్ఞాన సర్వస్వం తలపెట్టినప్పుడు, ఆ పనిలోనూ చేయి వేశారు.