ఒక రొట్టె, ఒక పాత్ర

పోలవరం దాటి మైదానంలోకి దిగిన గోదావరి పాయలుగా చీలుతుంది. వాటిలో వశిష్ఠ ఒడ్డున ఉన్నది నరసాపురం. మిషనరీ ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఇంగ్లండ్ నుంచి మన దేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు అక్కడ స్థిరపడ్డారు. డెల్టాలోని బ్రదరన్ క్రైస్తవ సంఘాలకు మూలం అదే.

ఈ సంఘాల్లో రొట్టె విరిచే బల్లారాధనకు అచ్చేసిన క్రమం ఉండదు. దాన్ని నడిపించే అభిషిక్త గురువూ ఉండడు. బల్ల మీద ఒక రొట్టె, పక్కన ద్రాక్షారసం. ఇంత కొద్ది సరంజామాలో క్రైస్తవ విశ్వాసపు మూలసూత్రాలు ఎంత నేర్పుగా ఇమిడాయో చూడండి.

రొట్టెను ముక్కలుగా కోసి తేరు. కృతజ్ఞతలు చెప్పి అందరి ఎదుటా విరుస్తారు. విరవడం సిలువ మీద నలిగిన దేహానికి గుర్తు. అందరూ ఆ ఒక్క రొట్టెలోంచే తినడం, సంఘమంతా ఒకే శరీరమనడానికి గుర్తు. ఒకే పనిలో రెండు సిద్ధాంతాలు! ద్రాక్షారసానికి మళ్లీ వేరుగా కృతజ్ఞతలు చెబుతారు. శరీరం ఒకచోట, రక్తం మరొకచోట ఉంటే అది మరణమే కదా. ఆ రెంటినీ విడివిడిగా ఉంచడంలోని సూక్ష్మత నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది.

కాలం కూడా ఇందులో అమరింది. జరిగిపోయిన మరణాన్ని తలుచుకుంటారు, ఇప్పటి సహవాసాన్ని పంచుకుంటారు, ప్రభువు మళ్లీ వచ్చేదాకా దీన్ని చేస్తూనే ఉంటారు. పునరుత్థానం లేకపోతే ఆ ఎదురుచూపుకు అర్థమే లేదు. అందుకే ఈ ఆరాధన ఆదివారం, ఆయన లేచిన దినాన జరుగుతుంది.

మధ్యమధ్య నిశ్శబ్దం. ఒక సహోదరుడు లేచి పాట చెబుతాడు, మరొకరు ప్రార్థిస్తారు, ఇంకొకరు వాక్యం చదువుతారు. సహోదరీలు ముసుగు వేసుకుని పాటల్లో గొంతు కలుపుతారు. కుమారుని ద్వారా తండ్రికి స్తుతి, నడిపేది పరిశుద్ధాత్మ: త్రిత్వాన్ని ఎవరూ వివరించరు, దాని ప్రకారం నడుచుకుంటారు. విశ్వాసులందరూ యాజకులే అన్న నమ్మకానికి రుజువు కూడా గురువు లేకుండా సాగే ఈ ఆరాధనే.

బల్లలో పాలు పొందేది బాప్తిస్మం తీసుకున్నవారు. గోదావరిలోనో, కాలువలోనో, మందిరం తొట్టిలోనో పూర్తిగా ముంచుతారు. మునగడం క్రీస్తుతోపాటు సమాధి కావడం, లేవడం ఆయనతో కొత్త జీవితంలోకి రావడం. ఆ తర్వాత కూడా రొట్టె అందుకునే ముందు ప్రతివారూ తమను తాము పరీక్షించుకోవాలి.

ఈ ఆరాధన చూడదలచినవారు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 10, 11 అధ్యాయాలు చదివి వెళ్లండి.