అతుకుల కోటు

మా అక్కకూతురు హైదరాబాదులో డిజైనింగ్ చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు "పిన్నీ, ఇది చూడు" అంటూ ఫోను నా ముందు పెట్టింది. నీలం రంగు కోటు. మోచేతుల దగ్గర అతుకులు, వీపు మీద అతుకులు, అతుకు మీద ఇంకో అతుకు. వాటన్నిటి మీదా తెల్లదారంతో వరసలు వరసలుగా కుట్లు. ధర చూశాను. నా కిందటి నవలకు ముట్టిన పారితోషికం కంటె ఎక్కువ!

"పాపం, ఎవరిదే? ఇలా చిరిగిపోయింది?"

"చిరగలేదు పిన్నీ, చిరిగినట్టు చేశారు. దీన్ని బోరో అంటారు. జపాన్ వాళ్ల కళ."

కళ అనేసరికి నాకు కాస్త గుచ్చుకుంది. అది వదిలి వెళ్లిన పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. పది రోజులు వంట కూడా పరధ్యానంగానే చేశాను లెండి.

జపాన్ భాషలో బోరో అంటే చింకిపాత. అంతే, అందులో కళా లేదు, గిళా లేదు. జపాన్ ప్రధాన ద్వీపానికి ఉత్తరపు కొసన అవొమొరి అనే ప్రాంతం ఉంది. అక్కడ మంచు మనిషెత్తున పడుతుంది, పత్తి పండదు. పూర్వం త్సుగరు ప్రభువుల ఏలుబడిలో రైతులు నూలుబట్ట కట్టకూడదని ఆంక్ష కూడా ఉండేది. ఇక మిగిలింది ముతక నారబట్ట. దాని సందుల్లోంచి చలిగాలి సూదుల్లా దిగుతుంది. ఆడవాళ్లు ఏం చేశారయ్యా అంటే, ఎలాగో సంపాదించిన నూలుదారంతో ఆ సందుల్ని పూడ్చేశారు. బట్ట పోగులు లెక్కపెట్టి, ఒకటి, మూడు, అయిదు, ఇలా బేసి సంఖ్యలో పోగులు ఎత్తుకుంటూ అడ్డంగా కుట్టుకుపోయేవారు. కుడుతూ కుడుతూ ఉంటే ముగ్గుల్లాంటి డిజైన్లు వచ్చాయి. మన ముగ్గులకున్నట్టే వాటికీ పేర్లు: పిల్లికన్ను, చిక్కుడుగింజ, పువ్వు. ఈ కుట్టును కోగిన్ అంటారు.

నూలు పాతబట్టలేమో ఒసాకా వైపు నుంచి ఓడల్లో ఉత్తరానికి వచ్చేవి. పట్నం వాళ్లు కట్టి విడిచిన గుడ్డలు. అరచేతిలో పట్టే పీలికను కూడా పారేసేవారు కాదు. దొంజా అని ఒక బరువైన బొంత ఉంది. రాత్రిళ్లు కుటుంబమంతా ఒంటిమీద బట్టల్లేకుండా ఒకరినొకరు ఆనుకుని దాని కింద దూరేవారట, ఒకరి ఒంటివేడి ఇంకొకరికి తగలాలని. బొదొ అని మరో గుడ్డ ఉంది. తరతరాల పాతబట్టలు అతికి కుట్టిన పక్కగుడ్డ అది. పురుడు వచ్చినప్పుడు దాన్నే నేలమీద పరిచేవారు. బిడ్డ పడేది దానిమీదే. ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

1891లో టోక్యో నుంచి అవొమొరి దాకా రైలు పడింది. దాంతో నూలు సరుకు దండిగా వచ్చింది. కోగిన్ కుట్టే ఆడవాళ్లు ఏం చేశారనుకున్నారు? మెల్లిగా మానేశారు! నాకైతే చాలా సంతోషం వేసింది. తరవాత బోరో బట్టల్ని కూడా సిగ్గుపడి దాచేశారు, పారేశారు. తనకా చుజబురో అనే ఆయన ఊరూరా తిరిగి సేకరించబట్టి కొన్నయినా దక్కాయి. టోక్యోలోని అసకుసాలో 2009 నుంచి 2019 దాకా వాటిని ఒక మ్యూజియంలో ఉంచారు.

ఇక్కడ యనగి సోయెత్సు అనే పెద్దమనిషి సంగతి చెప్పాలి. 1936లో టోక్యోలో జానపద కళల మ్యూజియం పెట్టిన మహానుభావుడు. కోగిన్‌ను మెచ్చుకుని లోకానికి చూపించినవాళ్లలో ఆయన ఒకరు. నిజంగా అందమైనది పేరులేని పనివాడి చేతిలోంచే వస్తుందని ఆయన సిద్ధాంతం. ఆయనంటే నాకు గౌరవమే. కాని పేరు లేకపోవడం గొప్ప గుణమని చెప్పిన మనిషికి పేరుంది. కుట్టినావిడకు లేదు. ఆవిణ్ణి అడిగితే ఏమనేదో! "నాయనా, ఆ గుణం నువ్వు ఉంచుకుని నాకో గజం నూలుబట్ట ఇప్పించు" అనేదేమో.

ఇంకో జపాన్ ఆవిడ ఉంది, రెయ్ కవకుబో. 1981లో పారిస్‌లో మొదటిసారి ప్రదర్శన పెట్టింది. ఆ వెంటనే, 1982లో, నిండా చిల్లులున్న నల్ల స్వెట్టరు చేసింది. అల్లిక మిషన్ల మరలు కావాలని వదులు చేయించి ఆ చిల్లులు తెప్పించిందట. యంత్రం అల్లినదంతా ఒకే తీరున ఉండటం ఆవిడకు నచ్చలేదు. అక్కడి విలేకరులు కొందరు 'హిరోషిమా ఫ్యాషన్' అని ఎగతాళి చేశారు. ఎంత పాపపు మాట! ఆవిడేమో, అవి చిల్లులు కావు, లేసు అంది. 2017లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం ఆవిడ దుస్తులతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. ఆ స్వెట్టరు నేను వేసుకోను గాని, ఆవిడ పక్షం మాత్రం వహిస్తాను. పేదరికాన్ని అరువు తెచ్చుకోలేదు. చిల్లు తనదే, తిట్లు పడ్డదీ తనే.

ఆ కోటు విషయంలో అలా అనలేను. ఒకయామాలోని కొజిమా పట్నంలో 1960ల నుంచీ జీన్సు కుడుతున్నారు. నీలిరంగు అద్దకంలో, నేతలో అక్కడివాళ్ల పనితనం ప్రపంచమంతా ఒప్పుకున్నదే. పని బాగుంటే ధర పలకనివ్వండి, కాదనను. కొత్తబట్టను అరగదీసి, పాతబట్టలా కనిపించేట్టు అతుకులేసి, దానికి అవొమొరి ఆడవాళ్ల కథను చీటీలా తగిలించి అమ్మడమే నాకు మింగుడుపడటం లేదు. చిరగకముందే వేసిన అతుకు ఏ చలిని ఆపుతుంది?

ఇదంతా అక్కకూతురికి ఫోనులో చెప్పాను. ఓపిగ్గా విని, "సరే గాని పిన్నీ, మన అటకమీద అమ్మమ్మ బొంతలున్నాయి కదా, అవి ఎవరు కుట్టారు?" అంది.

చలికాలానికి ముందు ఒకావిడ వచ్చి వసారాలో కూర్చుని కుట్టేది. పాతచీరలు మేమే ఇచ్చేవాళ్లం. ఏ ముక్క ఎవరి చీరో ఇప్పటికీ చెప్పగలను. అంచులో ఎర్రటిది అమ్మ పెళ్లినాటి చీర, నడిమి పసుపుది మా అక్క ఓణీ.

"ఆవిడ పేరేమిటి?"

బొంతలావిడ అనేవాళ్లం. అమ్మకు తెలుసేమో, ఇప్పుడు అమ్మ లేదు.