గోండు శైలి ఎవరి శైలి?

ఒక వాక్యం రాసిస్తే కంప్యూటరు బొమ్మ గీసి ఇచ్చే కాలం వచ్చింది. ‘ఫలానా శైలిలో’ అని చేర్చితే ఆ శైలిలోనే ఇస్తది. 2022లో డాల్-ఈ 2, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వరుసగా జనంలోకి వచ్చినయి. 2025 మార్చిలో జపాన్ జిబ్లీ స్టూడియో శైలిలోకి పెళ్ళి ఫోటోలు, నాయకుల ఫోటోలు మార్చుకునే పిచ్చి ఊరూరా పాకింది. ఇప్పుడు మన సంఘాల పోస్టర్లు, క్యాలెండర్లు, వర్ధంతి సభల ఫ్లెక్సీలు కూడా ఈ ఏఐ యంత్రమే గీస్తున్నది. ఆర్టిస్టుకు ఇచ్చుకోలేని సంఘానికి ఇది సౌకర్యమే, కాదనను. బ్రష్షు, కాన్వాసు, గ్యాలరీ, అకాడమీ ఇంతకాలం ఎవరి చేతిలో ఉన్నయో తెలిసిన వాళ్ళం, కొత్త పనిముట్టు చేతికొస్తే వద్దనే అమాయకత్వం మనకు అక్కరలేదు. అయితే ఆ పనిముట్టు ‘శైలి’ అనే మాటను ఏ అర్థంలో వాడుతున్నది? ఈ ప్రశ్నను ఉట్నూరులో నిలబడి అడిగితే ఒక జవాబు వస్తది, హైదరాబాదులో కూర్చొని అడిగితే ఇంకొకటి వస్తది.

‘గోండు శైలిలో గుస్సాడి నాట్యం’ అని అడిగి చూడండి. సాధారణంగా వచ్చేది ఇట్లా ఉంటది: ఒంటినిండా సన్నటి చుక్కలు, గీతలు, కొమ్ములు చెట్టుకొమ్మలై సాగిన జింక, పసుపు, ఎరుపు, నీలం రంగుల్లో పక్షులు. చూడడానికి బాగుంటది. కాని ఆదిలాబాదు గోండుగూడెంలో ఏ గోడ మీద ఉంది ఈ బొమ్మ? ఇక్కడి రాజ్‌గోండుల కళ కాగితం మీద లేదు. దీపావళి ముందు దండారి కదిలినప్పుడు గుస్సాడి నెత్తిన పెట్టుకునే నెమలీకల కిరీటంలో ఉంది. ఒంటికి పూసుకున్న బూడిదలో, భుజాన వేసుకున్న తోలులో, గుమేల, పెప్రె మోతలో ఉంది. ఆ కిరీటం అలంకారం కాదు, దానికి పూజ ఉంటది. దీక్షలో ఉన్నన్ని దినాలు గుస్సాడి స్నానం చేయడు. ఉషేగాం, కేస్లాగూడల్లో ఓజాలు తేనెమైనంతో బొమ్మ చేసి, మట్టి పొదిగి, కరిగిన ఇత్తడి పోసి తీసే దేవతల్లో ఉంది. ఆ మట్టి అచ్చు పగలగొడితే గాని బొమ్మ బయటికి రాదు. అందుకే ఒక దాని తీరుగ ఇంకొకటి ఉండదు. మార్లవాయి కనకరాజు గుస్సాడిని పిల్లలకు నేర్పి 2021లో పద్మశ్రీ అందుకున్నాడు, 2024లో చనిపోయిండు. ఆయన నేర్పింది అడుగు, దరువు, దీక్ష. యంత్రానికి వీటిలో ఏ ఒక్కటీ ‘గోండు శైలి’ కాదు.

మరి ఆ చుక్కల బొమ్మ ఎక్కడిది? మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌ది. ఇంకా సూటిగా చెప్పాలంటే జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే మనిషిది. 1980ల మొదట్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ భోపాల్‌లో భారత్ భవన్ కోసం ఆదివాసీ కళాకారులను వెతికిస్తున్నప్పుడు ఈ యువకుడు దొరికిండు. 1982లో భారత్ భవన్ తెరుచుకుంది. పాటల్లో తప్ప ఆకారం లేని దేవతలకు ఆయన కాగితం మీద ఆకారం ఇచ్చిండు. 1989లో ఆయన బొమ్మలు పారిస్ ప్రదర్శన దాకా పోయినయి. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు గీస్తూ అక్కడే ఆత్మహత్య చేసుకున్నాడు. ఇరవై ఏళ్ళలో ఒక మనిషి, ఆయన వెంట ఆయన బంధువర్గం కట్టిన కళ ఇది. అందుకే తెలిసినవాళ్ళు దాన్ని జన్‌గఢ్ కలం అంటరు.

ఇంకో మెలిక ఉంది. జన్‌గఢ్ గోండు కాదు, ప్రధాన్. ప్రధాన్‌లంటే గోండుల వంశకథలు, దేవతల కథలు వాయిద్యం మీద పాడేవాళ్ళు. గోండు ఇచ్చే దానం మీద బతికినవాళ్ళు, గోండు కంటె ఒక మెట్టు కిందివాళ్ళుగా చూడబడినవాళ్ళు. మన ఆదిలాబాదులోనూ ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ గోండుల కథ చెప్తరు. తోటీలదీ అదే వృత్తి. అంటే గీసింది ప్రధాన్, పేరు గోండుది, అందులోనూ అసలు గోండు గూడేలకు ఆ బొమ్మతో సంబంధం లేదు. పనిచేసేవాడు ఒకడు, పేరు మోసేవాడు ఒకడు. ఈ సంగతి దళిత పాఠకులకు నేను విడమర్చి చెప్పాలా? ఆదివాసీ సమాజంలో మెట్లు లేవని నమ్మే మన మిత్రులు మాత్రం ఒకసారి ఆగి ఆలోచించాలి.

తప్పు యంత్రం కనిపెట్టింది కాదు. ఈ యంత్రాలు ఇంటర్నెట్ నుంచి ఏరిన బొమ్మల మీద, ఆ బొమ్మల పక్కన ఉన్న రాతల మీద నేర్చుకున్నయి. స్టేబుల్ డిఫ్యూజన్‌కు మూలమైన లయాన్-5బి అనే సేకరణలో 585 కోట్ల బొమ్మ-రాత జతలున్నయి. ఒక్క ఇంగ్లీషు రాతలే దాదాపు 230 కోట్లు. మసకలోంచి మెల్లమెల్లగా బొమ్మ తేల్చడం యంత్రం పని. ఎటు తేల్చాలో చెప్పేది రాత. ‘గోండు’ అని రాసి ఉన్న బొమ్మల్లో ఎక్కువ ఏవో అదే దానికి గోండు. ఆ రాతలు రాసిందెవరు? గ్యాలరీ యజమాని, వేలం కంపెనీ, టూరిజం శాఖ, చీరల దుకాణం. ఉషేగాం ఓజా తన ఇత్తడి బొమ్మ కింద ఏమీ రాయలేదు. పేరు పెట్టే అధికారం ఎవరిదో వాడి కళ్ళతోనే యంత్రం చూస్తది. మనుధర్మం కూడా మొదలు చేసింది పేర్లు పెట్టడమే కదా.

2025 అక్టోబరులో ఎంఐటి టెక్నాలజీ రివ్యూ పత్రిక ఓపెన్ఏఐ వారి సోరాను పరీక్షించి రాసింది. బ్రాహ్మణుడి పని అంటే తెల్లతోలు పూజారి, దళితుడి పని అంటే మాసిన బట్టల్లో చీపురు పట్టిన నల్లటి మనిషి. దళిత ప్రవర్తన అని అడిగితే కొన్నిసార్లు కుక్క బొమ్మ వచ్చింది. ఆ కుక్క డాల్మేషియన్ జాతిది. శబ్దం దగ్గరగా ఉండడం వల్ల కావచ్చునని సర్ది చెప్పుకోవచ్చు. కాని చీపురు ఏ శబ్దంలోంచి వచ్చింది?

చేర్యాల పటం సంగతి చూద్దాం. ‘చేర్యాల శైలి’ అంటే యంత్రం ఎర్రటి నేల, గుండ్రటి మొఖాలు పట్టుకున్నది. కాని ఆ పటం గీసే నకాషీలు ఎవరికోసం గీసేవాళ్ళు? మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి కోసం, పద్మశాలీలకు మార్కండేయుని కథ చెప్పే కూనపులి కోసం, గౌండ్లకు చెప్పే గౌడజెట్టి కోసం. పటం ఒక కులం తన పుట్టుక తానే చెప్పుకునే హక్కుపత్రం. జాంబవుడు ముందు పుట్టిండని నలుగురిలో నిలబడి చెప్పే ధైర్యం ఆ బట్ట మీద ఉండె. ఆ ధైర్యాన్ని విప్పేసి ఎరుపు రంగు మాత్రం మిగుల్చుకుంటే దాన్ని శైలి అంటున్నం.

చట్టం ఏమైనా ఆపుతదా? ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది సరుకు పేరును కాపాడుతది, తెర మీది బొమ్మకు అది చాలదు. కాపీరైటు గీసిన బొమ్మకే గాని శైలికి లేదు. 2023 జనవరిలో అమెరికాలో ముగ్గురు చిత్రకారులు ఈ కంపెనీల మీద దావా వేసినప్పుడు వాళ్ళకు కనీసం తమ పేర్లున్నయి, తమ బొమ్మల లెక్క ఉన్నది. ఊరుమ్మడి కళకు దావా వేసేదెవరు? ఉట్నూరు ఏజెన్సీలో భూమికి 1/70 ఉంది. దాన్ని బినామీలు ఎట్లా తూట్లు పొడిచిన్రో మనకు తెలుసు, అయినా పట్టుకొని కొట్లాడడానికి ఒక కాగితం ఉంది. బొమ్మకు ఆ కాగితం కూడా లేదు.

నన్ను అన్నిటికంటె భయపెట్టే శైలి మాత్రం వేరే. ‘1980ల నలుపు తెలుపు పత్రికా ఫోటో’ అనేది కూడా యంత్రానికి ఒక శైలే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతు కూలీ సంఘం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు. ప్రభుత్వం 13 మంది అన్నది. పౌరహక్కుల వాళ్ళు దానికి ఎన్నో రెట్లు అన్నరు. ఆ లెక్క ఇవాళ్టికీ తేలలేదు. స్తూపం కట్టుకుంటే 1986లో కూల్చేసిన్రు, మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చింది. సాక్ష్యం కోసం ఇంత కొట్లాట ఉన్నచోట, సదుద్దేశంతోనే ఒక పిల్లవాడు ‘ఇంద్రవెల్లి కాల్పులు, పాత ఫోటో శైలి’ అని రాసి, పొగలో పరుగెత్తే గోండు స్త్రీల బొమ్మ తీసి పోస్టరు వేస్తే ఏమైతది? అది దొంగ ఫోటో అని రుజువు చేయడం ఎంతసేపు? రేపు నిజమైన ఫోటో, బతికున్న ముసలమ్మ వాంగ్మూలం కూడా ఆ లెక్కలోనే కొట్టేస్తరు. 13 అన్నవాళ్ళకు మనమే ఆయుధం ఇచ్చినట్టు. ఊహాచిత్రం వేసుకోవచ్చు, కూచి పట్టి గీసినట్టే కనబడాలి. ఫోటో వేషం కట్టగూడదు.

కాబట్టి సంఘాల మిత్రులతో వాదన ఇది. యంత్రం వాడండి. కాని ఏప్రిల్ 20 కరపత్రం మీద ఫోటో శైలి బొమ్మ వేయకండి. యంత్రం గీసిందైతే కింద ఆ మాట అచ్చు వేయండి. ‘గోండు శైలి’ అనే మాట ప్రాంప్టులో రాసే ముందు పాటన్‌గఢ్ ప్రధాన్‌లవా, ఉషేగాం ఓజాలవా, ఎవరి చేతులో తేల్చుకోండి. క్యాలెండరుకు పెట్టే ఖర్చులో ఒక పేజీ ఖర్చు ఓజా ఇంటికి, తోటీ ఇంటికి పోనియ్యండి. వాళ్ళు చేసింది ఫోటో తీసి, దాని కింద ఊరు, ఇంటిపేరు, చేసిన మనిషి పేరు వాళ్ళనడిగి వాళ్ళు చెప్పినట్టే తెలుగులో, గోండిలో రాయండి. గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది, ఆ లిపిలోనూ రాయొచ్చు.