ఏ లినక్స్ ఎక్కియ్యాలె?

వనపర్తి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ పిల్లలు, నాగర్‌కర్నూల్‌లో పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లు, గద్వాలలో దుకాణం లెక్కలు కంప్యూటర్‌లో రాసుకునేవాళ్లు ఈ మధ్య నన్ను అడిగేది ఒకటే: "అన్నా, ఏ లినక్స్ ఎక్కియ్యాలె?" 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి అంటుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో బేరమాడి తెచ్చుకున్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ అర్హత లేదు. అందుకని లినక్స్ వైపు చూస్తున్నారు. నాకు సంతోషమే. కాకపోతే ఎక్కించిన సాయంత్రమే మళ్లీ ఫోన్ వస్తుంది: "వైఫై వస్తలేదన్నా."

వైఫై సంగతి తర్వాత, ముందు ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడిదో చెప్పమంటాను. దాదాపు ప్రతిసారీ అది దోస్తు దోస్తుది. ఫార్మాట్ కొట్టే షాపులో ఎప్పుడో తయారు చేసిపెట్టిన ఉబుంటు 18.04 చేతులు మారుతూ వచ్చి ఉంటుంది. పత్తి విత్తనం పండించే నడిగడ్డలో ఏ రైతూ ప్యాకెట్ మీద తేదీ, లాట్ నంబరు చూడకుండా విత్తనం కొనడు. అదే ఇంటి అబ్బాయి ల్యాప్‌టాప్‌లోకి ఏనాటిదో తెలియని ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టాల్ ఫైలు, ఎక్కిస్తాడు. తేదీ మాత్రం ఫైలు పేరులోనే ఉంటుంది: 18.04 అంటే 2018 ఏప్రిల్. ఐదేళ్ల ఉచిత మద్దతు 2023లోనే అయిపోయింది.

పాతదైతే ఏమైంది, పని చేస్తే చాలు కదా అనొచ్చు. పని ఎందుకు చేయదో ఒక చిప్ సంగతి చూస్తే తెలుస్తుంది. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో తరచూ కనిపించే వైఫై చిప్ రియల్‌టెక్ 8821సీఈ. లినక్స్‌లో డ్రైవర్లు చాలావరకు దాని గుండె లాంటి కెర్నల్‌లోనే కలిసి వస్తాయి. ఈ చిప్‌కు డ్రైవర్ కెర్నల్‌లోకి చేరింది 5.9తో, అంటే 2020 అక్టోబరులో. ఉబుంటు 18.04తో వచ్చిన కెర్నల్ 4.15, 20.04 మొదటి ఐఎస్ఓలో ఉన్నది 5.4. ఆ రెంటికీ ఈ చిప్ ఉన్నట్టే తెలియదు. 22.04లో 5.15 ఉంది కాబట్టి ఎక్కించగానే చుట్టుపక్కల వైఫై పేర్లన్నీ కనిపిస్తాయి. ఆ తర్వాత వచ్చిన 8852బీఈది మళ్లీ ఇదే కథ. దాని డ్రైవర్ 2023 ఫిబ్రవరిలో 6.2తో వచ్చింది, కనుక 22.04 మొదటి ఐఎస్ఓ కూడా చాలదు. ల్యాప్‌టాప్ బాగానే ఉంది, లినక్సూ బాగానే ఉంది. ఆ లినక్స్ తయారైన నాటికి ఆ చిప్‌కు డ్రైవర్ లేదు, అంతే.

అందుకే ఉబుంటు మంచిదా, మింట్ మంచిదా అన్న వాదనలో నేను దూరను. మెషిన్ ఏ సంవత్సరంలో వచ్చిందో చెప్పు, దాని తర్వాత వచ్చిన కెర్నల్ ఉన్నది, ఇంకా మద్దతున్నది వెతుకుదాం అంటాను. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఉబుంటు ఎల్‌టీఎస్ చాలు. అది సరి సంవత్సరాల్లో ఏప్రిల్‌లో వస్తుంది, ఐదేళ్లు నడుస్తుంది. మధ్యలో వచ్చే వెర్షన్లకు మద్దతు తొమ్మిది నెలలే. వాటి జోలికి ఇప్పుడే పోవద్దు.

ఇక్కడ చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. 24.04 అనే పేరు మీదే తర్వాత 24.04.1, .2, .3 అని ఐఎస్ఓలు వస్తాయి. 2024 ఏప్రిల్‌లో వచ్చినదాంట్లో కెర్నల్ 6.8, 2025 ఆగస్టులో వచ్చిన 24.04.3లో 6.14. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకు ఆ చివరి చుక్క తర్వాతి అంకే ముఖ్యం. మింట్ కూడా ఉబుంటు మీదే కట్టింది, 22.2కు వచ్చేసరికి అదే 6.14 తీసుకుంది. విండోస్‌కు అలవాటు పడిన చేతికి మింట్ మెనూ తొందరగా దొరుకుతుంది, కాబట్టి ఇంట్లో అమ్మానాన్నలు కూడా వాడే మెషిన్ అయితే నేను మింట్ వైపే. అన్నట్టు, ఫైలు పేరు చివర ఏఎండీ64 అని చూసి "మాది ఇంటెల్ కదా సార్" అని ఆగిపోయేవాళ్లూ ఉన్నారు. 64 బిట్ పద్ధతిని ముందు తెచ్చింది ఏఎండీ కాబట్టి ఆ పేరు నిలిచింది. ఇంటెల్‌కూ అదే ఫైలు.

మరీ కొత్త చిప్‌లున్న ల్యాప్‌టాప్‌కు ఎల్‌టీఎస్ కూడా అందకపోతే ఫెడోరా ఉంది. ఆరు నెలలకొకటి వస్తుంది, కెర్నల్ తాజాగా ఉంటుంది. ఒక్కో వెర్షన్‌కు మద్దతు పదమూడు నెలల చిల్లర. మొబైల్ డేటా మీద బతికే పిల్లవాడికి ఏటా ఆ డౌన్‌లోడ్ బరువే.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. హార్డ్‌వేర్ ప్రాబ్లమ్ అని మనవాళ్లు చెప్పేదాంట్లో రెండు వేరు వేరు జబ్బులున్నాయి. భాగం బాగానే ఉండి లినక్స్‌కు తెలియకపోవడం ఒకటి, భాగమే చెడిపోవడం ఇంకోటి. వెర్షన్ మారిస్తే నయమయ్యేది మొదటిదే. ఇన్‌స్టాల్ సగంలో ఆగడం, ప్రతిసారీ కొత్త చోట ఎర్రర్ రావడం, మెషిన్ ఉన్నట్టుండి రీస్టార్ట్ కావడం కనిపిస్తే ర్యామ్‌నో, హార్డ్ డిస్క్‌నో అనుమానించాలి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక రాత్రంతా నడవనివ్వాలి. డిస్క్‌కు స్మార్ట్ రిపోర్ట్ చూడాలి. పాలమూరు ఎండల్లో ఫ్యాన్ నిండా దుమ్ము పట్టిన ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతే దానికి ఉబుంటు ఏం చేస్తుంది? ముందు బ్రష్ పట్టుకోవాలి.

పాత మెషిన్లలో ఈ లెక్క తిరగబడేవీ ఉన్నాయి. ఎన్విడియా పాత ఫెర్మీ కార్డులకు కంపెనీ ఇచ్చే 390 డ్రైవర్‌కు 2022తోనే మద్దతు ముగిసింది. కెర్నల్ కొత్తదయ్యేకొద్దీ ఆ డ్రైవర్ దానితో కలవదు. అక్కడ కంపెనీ డ్రైవర్ మీద ఆశ వదిలి, కెర్నల్‌తో వచ్చే నూవో డ్రైవర్‌తో సర్దుకోవాలి. తెలుగు మీద మమకారంతో స్వేచ్ఛ సంస్థ తెచ్చిన తెలుగు ఓఎస్ గురించో, సీడాక్ వారి బాస్ గురించో అడిగేవాళ్లకూ తేదీ చూడమన్న మాటే చెబుతాను. రెండూ డెబియన్ మీద కట్టినవే కాబట్టి అడుగున ఉన్న డెబియన్ ఏనాటిదో చూడాలి. ఇప్పుడు ఉబుంటులో కూడా తెలుగు మెనూలు, తెలుగు ఫాంట్లు, ఇన్‌స్క్రిప్ట్ టైపింగ్ అన్నీ వస్తాయి.

ఏది ఎంచుకున్నా డిస్క్ తుడిచే ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా బూట్ చేసి అరగంట వాడాలి. వైఫై, బ్లూటూత్, సౌండ్, కెమెరా, బ్రైట్‌నెస్ బటన్లు ఒక్కొక్కటీ చూడాలి. మూత మూసి, తెరిచి, స్క్రీన్ తిరిగి వస్తుందో లేదో కూడా చూడాలి. అందరూ మరిచేది ఇదే. వైఫై రాకపోతే కంగారొద్దు. ఫోన్‌కు కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని వైర్ కనెక్షన్ కింద తీసుకుంటుంది. ఆ నెట్‌తో అప్‌డేట్లు, అదనపు డ్రైవర్లు దించుకోవచ్చు. టెర్మినల్‌లో ఎల్-ఎస్-పీ-సీ-ఐ అని కొడితే చిప్ పేరు వస్తుంది. "వైఫై వస్తలేదు" అనే బదులు ఆ పేరు చెబితే సాయం చేసేవాడి పని సగం తగ్గుతుంది. సెక్యూర్ బూట్ ఉన్న మెషిన్‌లో బయటి డ్రైవర్ వేస్తే, రీస్టార్ట్ కాగానే నీలం స్క్రీన్ వచ్చి 'ఎన్‌రోల్ మాక్' అని అడుగుతుంది. భయపడి 'కంటిన్యూ బూట్' కొడితే డ్రైవర్ ఉన్నా లోడ్ కాదు. ఎన్‌రోల్ ఎంచుకుని, డ్రైవర్ వేసేటప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డే ఇవ్వాలి.

జిరాక్స్ షాపు ఓనరు అడిగితే మాత్రం ల్యాప్‌టాప్ సంగతి పక్కన పెట్టి ముందు ప్రింటర్ మోడల్ అడుగుతాను. మన ఊళ్లలో ఎటు చూసినా కనిపించే ఆ 2900 నంబరు చిన్న లేజర్ ప్రింటర్ అయితే, దాని డ్రైవర్‌ను నేటి లినక్స్‌లో కూర్చోబెట్టడం కొత్తవాళ్ల పని కాదు. షాపు పొట్ట నింపేది ఆ ప్రింటరే. ఆ టేబుల్ మీది కంప్యూటర్‌ను కదపకుండా, ఇంట్లో పిల్లల ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టమంటాను.