లాభం, రెండు, మూడు

కిందటి ఆదివారం మనవరాలిని వెంటబెట్టుకుని ఒక మ్యూజియానికి వెళ్లాను. కత్తులు, డాళ్లు, పల్లకీ అన్నీ దాటుకుంటూ చివరి గదిలోకి వెళ్తే అద్దాల బీరువాలో ఇత్తడి కుంచం కనిపించింది. అంచు దగ్గర కాస్త నొక్కుకుపోయి, అడుగున నల్లబడి, చిన్నప్పుడు మా ఇంట్లో చూసినట్టే ఉంది. పక్కన చీటీ మీద మూడే మాటలున్నాయి: పాత్ర, ఇత్తడి, 19వ శతాబ్దం. మనవరాలు దాన్ని చదివి, "తాతయ్యా, ఇందులో ఏం వండేవాళ్లు?" అని అడిగింది. పిల్ల తప్పేం లేదు. పాత్ర అని రాసి పెడితే ఎవరైనా అదే అడుగుతారు. ఆ చీటీ మీద కోపం వారమంతా నన్ను వదల్లేదు.

ఈ కాలమ్‌ని మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి నా పాత పట్టు తెలిసిందే. కిరీటాల కంటే రోలూ రోకలే మనుషుల చరిత్రను ఎక్కువ నిజంగా చెప్తాయని నా నమ్మకం. తిరగలి గురించి రాసిన వారం, మీ అమ్మల అరచేతుల్లో కాయలు కాసిన సంగతి మీరు ఉత్తరాల్లో రాశారు. వస్తువుల్ని పట్టుకుని చరిత్ర చెప్పడమంటే అదే. 2010లో బ్రిటిష్ మ్యూజియం డైరెక్టర్ నీల్ మాక్‌గ్రెగర్ వంద వస్తువులతో ప్రపంచ చరిత్ర చెప్పాడు. చెప్పింది బీబీసీ రేడియోలో. వినేవాళ్లకి వస్తువు కనబడదు, మాట ఒక్కటే ఆధారం. ఆ వందలో ఈజిప్టు రాజు విగ్రహం ఉంది, టాంజానియా తీరంలో కిల్వా దీవి ఇసుకలో ఏరిన కుండ పెంకులూ ఉన్నాయి. వాటిలో చైనా పింగాణీ ముక్కలు కలిసి ఉండబట్టి, ఆ గుప్పెడు పెంకులతోనే హిందూ మహాసముద్రం మీద సాగిన వ్యాపారమంతా చెప్పగలిగాడు. పక్కన మాట ఉంటే పెంకు కూడా సముద్రం దాటిస్తుంది. మాట లేకపోయేసరికి మన కుంచం వంటగిన్నె అయిపోయింది.

కుంచం కొలపాత్ర. ధాన్యం కొలిచేది. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంటే కుంచానికి పదహారు సోలలు. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పుట్టెడు దుఃఖం అని ఇప్పటికీ అంటాం గాని, పుట్టి ఎంతో మన పిల్లలకి తెలీదు.

సోల దగ్గర్నుంచి కుంచం దాకా ప్రతి మెట్టూ కింది దానికి రెట్టింపు. మొహెంజొదారోలో దొరికిన చదరపు రాతి తూకపురాళ్లు కూడా చాలావరకు ఇలాగే ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అంటూ రెట్టింపవుతాయి. అవి మన కుంచానికి పూర్వీకులని నేననడం లేదు. రెట్టింపు లెక్కకి చదువు అక్కర్లేదు. చిన్నదాన్ని రెండుసార్లు నింపి పెద్దదానిలో పోస్తే నిజమో అబద్ధమో తెలిసిపోతుంది. సోల ఒకటి ఇంట్లో ఉన్న మనిషి ఊళ్లో ఏ కుంచాన్నయినా పరీక్ష చెయ్యొచ్చు.

మా నాయనమ్మ చేసింది కూడా.

మావాళ్లు కౌలురైతులు. నూర్పిళ్లయి, ధాన్యం తూర్పారబట్టి కళ్లంలో రాశి పోశాక భూమిగలాయన మనిషి కుంచం పట్టుకుని వచ్చేవాడట. మొదటి కుంచానికి ఒకటి అనకూడదు, లాభం అనాలి. లాభం, రెండు, మూడు అంటూ కొలత సాగేది. ఆ పాట నాయనమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో. లాభం అన్న మాట మాత్రం ఆవిడ ఎప్పుడూ కాస్త ఆగి పలికేది. ఎందుకో అప్పట్లో నాకు తెలీదు.

ఆషాఢ శ్రావణాల్లో ఇంట్లో గింజలు నిండుకునేవి. ఆ భూమిగలాయన ఇంటికే వెళ్లి నాగుకి, అంటే ధాన్యంగానే కట్టే వడ్డీకి, ధాన్యం తెచ్చుకోవాలి. అప్పుడు కొలిచి ఇచ్చే కుంచం వేరే ఉండేది. ఒకసారి తెచ్చిన గింజల్ని నాయనమ్మ ఇంటి సోలతో కొలిచి చూసింది. కుంచానికి పదిహేను సోలలే వచ్చాయి. పంట చేతికొచ్చాక, కళ్లంలో పుచ్చుకునే కుంచంతో ఒక్క కుంచెడు కొలిపించుకుని దాన్నీ సోలతో చూసింది. పదిహేడున్నర వచ్చాయి. ఇచ్చేటప్పుడు అంచుకు చదునుగా చేత్తో తుడిచేవాళ్లు, పుచ్చుకునేటప్పుడు గోపురంలా పోయించుకునేవాళ్లు. పది కుంచాలు తెచ్చుకుని పది కుంచాలే తిరిగి కొలిచినా ఇరవై అయిదు సోలలు పైన పోయినట్టు. నాగు దానికి అదనం. లెక్క ఆవిడకి తెలిసింది. అడగడానికి నోరు రాలేదు, అడిగితే మరుసటేడు ఆ భూమి కౌలుకి దొరకదు. నాకు పదేళ్లప్పుడు ఈ సంగతి చెప్తూ ఆవిడ ఏడవలేదు. ఆ సోలని మాత్రం చచ్చేదాకా ఎవరికీ ఇవ్వలేదు.

ఈ వారం కూర్చున్నది మ్యూజియం చీటీని తిట్టడానికి. కుంచం పోయి లీటరు వచ్చింది, మన బతుకు మనది కాకుండా పోయింది అని ముగించాలనుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఇదే కాలమ్‌లో అలాగే వాపోయాను కూడా. రాస్తూ రాస్తూ నాయనమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట నోట్లోనే ఆగిపోయింది.

ఈ బాధ మా ఊరిదొక్కటే కూడా కాదు. 1789లో ఫ్రాన్సు రాజు దేశమంతటా ప్రజల ఫిర్యాదులు రాయించినప్పుడు, ఊరూరా కొలతల గోడు వినిపించింది. ప్రభువుకి కొలిచే శిస్తు ధాన్యం ప్రభువు కొలపాత్రతోనే కొలవాలి, ఆ పాత్ర ఊరికొకటి. దేశమంతటికీ ఒకే కొలత కావాలని వాళ్లు అడిగారు. ఆరేళ్లకి, 1795 ఏప్రిల్‌లో, మీటరుతో పాటు లీటరునీ చట్టంలో రాశారు. మన దేశంలో 1956లో చట్టమొచ్చి, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ కొలతలు దశలవారీగా అమలయ్యాయి. ఊరి పొలిమేర దాటినా, భూమిగలాయన గడప దాటినా మారని కొలత మా నాయనమ్మలాంటివాళ్లకి అప్పుడు దొరికింది. లీటరుకి ముద్దు పేరు లేదు, దానితో కొలిచేటప్పుడు లాభం అని పాడేవాళ్లూ లేరు. అయినా అది ఇచ్చేటప్పుడూ పుచ్చుకునేటప్పుడూ ఒకటే.

అందుకని నా పాత మాట వెనక్కి తీసుకుంటున్నాను. కుంచం కళ్లంలోంచి లేచి అద్దాల బీరువాలో కూర్చోవడమే న్యాయం. అది అక్కడికి ఎందుకు చేరిందో రాయకపోవడమే అన్యాయం. ఆ చీటీ రాసిన ఉద్యోగిని కూడా నేనింక తిట్టను. ఇత్తడిని చూసి ఇత్తడి అని రాశాడు. అందులో ఎన్ని సోలలు పడతాయో, అది ఇచ్చే కుంచమో పుచ్చుకునే కుంచమో మనమెవరమూ అతనికి చెప్పలేదు. చెప్పగలిగినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

మీ అటక మీద కుంచమో మానికో ఉంటే, పాతసామాన్లవాడికి వేసేముందు ఒక్క పని చెయ్యండి. సోలతో కొలిచి ఎన్ని పట్టిందో చూడండి. ఏ ఊరిదో, ఎవరిదో, దానితో ఎవరు ఎవరికి కొలిచారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, ఒక కాగితం మీద రాసి అందులో పెట్టండి. ఆ తర్వాత అది ఏ మ్యూజియానికి చేరినా, ఇందులో ఏం వండేవాళ్లని ఏ పిల్లా అడగదు.