తల దించిన ఈత

పెదనాన్న బావిలోకి తోసే ముందు ఏమీ చెప్పేవాడు కాదు. పీచు ఒలవని ఎండు కొబ్బరికాయలు రెండు తెచ్చి, ఒక్కోదానికి కాస్త పీచు లేపి, రెంటినీ కలిపి ముడేసేవాడు. ముడి రొమ్ము కింద, కాయలు చెరో చంక కింద. నడుముకు తాడు, తాడు కొస ఆయన చేతిలో. మోటారు కొట్టు పక్కన, గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్టు మీద నిలబెట్టి ఒక్క తోపు. మొదటి వారం రెండు కాయలు, రెండో వారం ఒకటి, మూడో వారం ఉత్త తాడు. ఆ తర్వాత ఓ రోజు నీళ్ళలోంచి పైకి చూస్తే తాడు కూడా ఆయన చేతిలో లేదు. గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు.

రాజపాళయంలో మా తరం మగపిల్లలు చాలామంది ఈత పట్టింది ఇలాగే. పడమట కొండలు, ఊరి చుట్టూ కొబ్బరి, మామిడి తోటలు, తోటలో ఓ దిగుడు బావి. ఎప్పుడో విజయనగరం రోజుల్లో ఇటు వచ్చిన రాజుల కుటుంబాలం మేం. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, బావిలో రెండూ కలిసిన కేకలు. గట్టు మీదున్న ప్రతివాడూ కోచే. అందరిదీ ఒకటే పాఠం: "కొట్టు, కొట్టు, తలెత్తు!"

ఆ పాఠం పట్టుకునే కాలేజీ రోజుల్లో మదురైలో ఓ పోటీకి వెళ్ళాను. యాభై మీటర్ల ఫ్రీస్టైల్. బావిలో నన్ను మించినవాడు లేడన్న ధైర్యం. ఈల పడగానే దూకి, తల పైకెత్తి, నీళ్ళు చీలిపోయేట్టు కొట్టాను. నా లేన్‌లో లేచిన నురగ చూసి మావాళ్ళు చప్పట్లు కూడా కొట్టారట. పక్క లేన్‌లో పుల్లలాంటి కుర్రాడు చప్పుడు చేయకుండా, చేప జారినట్టు వెళ్ళిపోయాడు. నేను ఆఖరు. గట్టెక్కాక స్టాప్‌వాచ్ పట్టుకున్న పెద్దాయన దగ్గరికి పిలిచి తమిళంలో అన్నాడు: "నీ తల ఆకాశంలో ఉంది, కాళ్ళు అడుక్కి పోతున్నాయి. నువ్వు ఈదడం లేదు తమ్ముడూ, నీళ్ళలో గోడ కట్టి దాన్ని తోస్తున్నావు."

తర్వాత ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ పాఠాలు చెప్పి బతికాను. ఆ గోడ లెక్క అప్పుడు గానీ బోధపడలేదు. నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు చిక్కన. వేగం రెట్టింపు చేస్తే నీటి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కావలసిన పవర్ ఎనిమిదింతలు. కండ పెంచి గెలుద్దామనుకున్నవాడికి దారి కొద్ది దూరంలోనే మూసుకుపోతుంది. ఈదేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో పదో వంతు కూడా మనిషిని ముందుకు తీసుకెళ్ళడానికి అక్కరకు రాదు. మిగతాదంతా వేడికి, నీళ్ళు చిలకడానికి. తలెత్తితే నడుం దిగుతుంది, నడుం దిగితే నీటికి ఎదురుగా నిలిచే ఒళ్ళు పెరుగుతుంది. మదురైలో నేను తోసిన గోడ నా ఒళ్ళే.

ఈ అడ్డును కొలుద్దామని మొదట పూనుకున్నవాళ్ళ పనిముట్టు కూడా తాడే. 1905లో జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు దు బువా రేమోన్ మనుషుల్ని తెడ్ల పడవ వెనక కట్టి ఈడ్పించి, తాడు మీద ఎంత బలం పడుతోందో చూశాడు. 1919లో స్వీడన్‌లో లిల్యెస్ట్రాండ్, స్టెన్‌స్ట్రోమ్ అనే ఇద్దరు పడవ మానేసి, ఒడ్డు మీద తాడు చుట్టే చక్రం పెట్టి లాగించారు. 1930లలో అమెరికాలో పీటర్ కార్పోవిచ్ దాన్ని ఇంకా శ్రద్ధగా చేశాడు. ఇవి చదివినప్పుడు నాకు పెదనాన్నే గుర్తొచ్చాడు. తాడు ఉంది, కొసన మనిషి ఉన్నాడు, నీళ్ళున్నాయి. త్రాసు ఒక్కటే తక్కువ.

కానీ తాడుతో ఓ చిక్కుంది. ఈడిస్తే వచ్చే మనిషి వేరు, ఈదే మనిషి వేరు. ఈదేవాడి ఒళ్ళు క్షణక్షణం ఆకారం మారుస్తుంది. ఆ అడ్డును ఎలా పట్టుకోవడం? 1980లలో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు నీటి కింద పొడుగాటి కడ్డీ ఒకటి అమర్చి, దానికి వరసగా పలకలు బిగించారు. ఈతగాడు కాళ్ళ మధ్య బెండు పెట్టుకుని, నీటికి బదులు ఒక్కో పలకను చేత్తో వెనక్కి నెడుతూ వెళ్ళాలి. పడుకుని నిచ్చెన ఎక్కినట్టన్నమాట. నెట్టిన బలం కడ్డీ కొసన నమోదవుతుంది. నిలకడ వేగంతో వెళ్తున్నప్పుడు నెట్టిన బలమూ నీటి అడ్డూ సమానం కదా, అదీ కిటుకు. చూడటానికి సులువే. అయినా ఈ పద్ధతి చెప్పే అంకె, ఇంకో పద్ధతి చెప్పే అంకె ఇప్పటికీ కలవవు. నాకిందులో ఆశాభంగం ఏమీ లేదు. కొలిచేవాళ్ళు దెబ్బలాడుకుంటున్నారంటే పని సాగుతోందనే.

కొలతలకన్నా నన్ను లాగింది చూడటం. ఇండియానా యూనివర్సిటీ కోచ్ జేమ్స్ కౌన్సిల్‌మన్, అందరూ 'డాక్' అనేవారు, నీటి అడుగున కెమెరా పెట్టి తన ఈతగాళ్ళను ఫిల్ము తీశాడు. చెయ్యి తెడ్డులా తిన్నగా వెనక్కి లాగాలని అప్పటి కోచ్‌లు నేర్పేవారు. ఫిల్ములో చూస్తే మేటి ఈతగాళ్ళెవరూ అలా లాగడం లేదు. చేతికి చిన్న దీపాలు కట్టి చీకట్లో ఈదించి ఫొటో తీస్తే వెలుగు గీత వంకర్లు పోయింది. వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. అడిగితే తిన్నగానే లాగుతున్నామని చెప్పేవారు! దీనికి విమానం రెక్కను పైకి లేపే సూత్రమే కారణమని 1971లో ఆయన వాదించాడు. ఆయన శిష్యుడు మార్క్ స్పిట్జ్ మరుసటి ఏడు మ్యూనిక్‌లో 7 స్వర్ణాలు గెలిచేసరికి ప్రపంచమంతా ఆ వంకర గీతను అనుకరించింది. తర్వాతి లెక్కల్లో రెక్క సూత్రం అంత గట్టిగా నిలబడలేదు. అరచేతితో, ముంజేతితో నీటిని వెనక్కి నెట్టడమే ముఖ్యమన్న వైపు అభిప్రాయం మళ్ళీ మొగ్గింది. సిద్ధాంతం తప్పయింది, పతకాలు మాత్రం నిజం. డాక్ గట్టు మీదే ఉండిపోలేదు. 1979లో 58 ఏళ్ళ వయసులో ఇంగ్లిష్ ఛానల్ ఈది, అప్పటికి ఆ పని చేసిన వాళ్ళలో అందరికన్నా పెద్దవాడయ్యాడు.

ఈత శాస్త్రం కథంతా ఇదే తీరు. ముందు ఈతగాడు ఏదో చేసేస్తాడు, వెనక శాస్త్రజ్ఞుడు నోటుబుక్కు పట్టుకుని వస్తాడు. ఆస్ట్రేలియన్ జాన్ హెన్రిక్స్ ఒంటి మీద వెంట్రుకలన్నీ గీయించుకుని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు గెలిచాడు. అలా గీయించుకోవడం వల్ల ఒంటికి శ్రమ నిజంగా తగ్గుతోందని పరిశోధనశాల తేల్చింది 1989లో. మంగలి ముందు, ప్రొఫెసర్ తర్వాత. 1988 సియోల్‌లో డేవిడ్ బెర్కాఫ్ వెల్లకిల ఈతలో మొదటి ముప్ఫై మీటర్లకు పైగా నీటి అడుగునే పోయాడు. పైన అలలు లేపే ఖర్చు అడుగున ఉండదు, అందుకని ఆ వేగం. అందరూ అలాగే పోతే చూసేవాళ్ళకు ఖాళీ కొలనే మిగులుతుందని కాబోలు, దానికి హద్దు పెట్టారు. ఇప్పుడది 15 మీటర్లు. మా బావిలో దొంగాట ఆడినవాళ్ళకు ఈ రహస్యం తెలుసు. మునకేసినవాడు ఎప్పుడూ దొరకడు.

ఇందుకు ఎదురు నడిచినవాడు ఒకడున్నాడు, ఫోర్బ్స్ కార్లైల్. సిడ్నీ యూనివర్సిటీలో శరీరశాస్త్రం చెబుతూ, ప్రొఫెసర్ ఫ్రాంక్ కాటన్‌తో కలిసి ఈతగాళ్ళ నాడి, ఈసీజీ చూస్తూ కూర్చున్నాడు. ఎంత ఈదితే ఒళ్ళు బలపడుతుంది, ఎక్కడ నుంచి చితికిపోతుంది అన్నది ఆయన ప్రశ్న. పోటీకి ముందు కొన్ని వారాలు సాధన క్రమంగా తగ్గించాలని ఆయన చెప్పినప్పుడు వింతగా తోచినట్టుంది, ఇప్పుడు అది చేయని కోచ్ లేడు. ఈతకు గోడ మీద పెద్ద గడియారం పెట్టించడం కూడా ఆయన అలవాటు చేసినదే. నా మటుకు కార్లైల్ గడియారం రెక్క సూత్రం కన్నా గొప్పది. దానికి డాక్టరేట్ అక్కర్లేదు.

మా ఊరు నూలు మిల్లుల ఊరు కాబట్టి ఒక్క మాట బట్ట గురించి. 2008లో నాసా గాలి సొరంగంలో గుడ్డలు పరీక్షించి స్పీడో కంపెనీ ఓ సూట్ తెచ్చింది. ఒంటిని బిగించి, పలచని పాలీయురెథేన్ పలకలతో నీటిని జారవిడిచేది. మరుసటి ఏడు మిగతా కంపెనీలు అసలు నేతే లేని సూట్లు తొడిగించాయి. 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో 43 ప్రపంచ రికార్డులు కూలాయి. ఎవరు ఈదుతున్నారో, ఏది ఈదుతోందో తెలియని స్థితి. 2010 జనవరి 1 నుంచి సూటు బట్టతోనే చేయాలి, మగవాళ్ళకు బొడ్డు నుంచి మోకాలి దాకానే ఉండాలి అని నియమం వచ్చింది. బట్టే గెలిచిందని మా మిల్లు మిత్రులతో చెప్పి నవ్వుకున్నాం. పరిశోధన ఈతగాడికి సాయం చేయవచ్చు, అతని బదులు తేలకూడదు. ఆ నియమం సరైనదే.

ఈ మధ్య ముచ్చట ఇంకొకటి. రామానుజన్ గణితం మీద జీవితమంతా పని చేసిన కెన్ ఓనో వర్జీనియా యూనివర్సిటీలో ఈతగాళ్ళకు లెక్కలు కట్టాడు. ఆయన తండ్రి తకాషి ఓనో కూడా గణితజ్ఞుడే. రామానుజన్ విగ్రహానికి విరాళం ఇచ్చినందుకు 1984లో రామానుజన్ భార్య జానకీ అమ్మాళ్ నుంచి ఆయనకు ఓ ఉత్తరం వచ్చింది, కొడుకు జీవితాన్ని మలుపు తిప్పింది అదే. ఈతగాళ్ళ ఒంటికి చిన్న సెన్సర్లు కట్టి, ప్రతి బారలో ఎక్కడ వేగం అందుకుంటున్నారో ఎక్కడ పోగొట్టుకుంటున్నారో ఓనో బృందం లెక్క తీసింది. వాళ్ళతో పని చేసిన కేట్ డగ్లస్ 2024 పారిస్‌లో 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ స్వర్ణం గెలిచింది. ఆ లెక్కల వ్యాసంలో రచయితల వరసలో ఆమె పేరు కూడా ఉంది. జానకీ అమ్మాళ్ ఉత్తరం ఒకటి ఎక్కడెక్కడో తిరిగి చివరికి ఈత కొలనులో తేలింది.

మన దగ్గర ఏముంది? ఒక అంకె చెబుతాను. 2021 జూన్‌లో రోమ్‌లో సాజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లై 1 నిమిషం 56.38 సెకన్లలో ఈదాడు. ఆ ఏటి ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత 1:56.48. భారతీయ ఈతగాడు ఎవరైనా ఆ గీత దాటడం అదే మొదలు. సాజన్‌ది ఇడుక్కి, మా కొండల అవతలి వైపు, పెరిగింది మా తమిళనాడులోనే నైవేలిలో. తేడా సెకనులో పదో వంతు. అతని సగటు వేగంతో లెక్కేస్తే 17 సెంటీమీటర్లు, జానెడు లోపు. తల కొంచెం ఎత్తినా, మలుపులో గోడ కాస్త ఆలస్యంగా అందినా ఆ జానెడు పోతుంది. అదే ఏడు మార్చిలో నడివయసులో ఈత నేర్చిన హైదరాబాద్ మహిళ గోలి శ్యామల శ్రీలంక తీరం నుంచి ధనుష్కోడికి 30 కిలోమీటర్లు 13 గంటల 43 నిమిషాల్లో ఈదింది. అక్కడ జానెళ్ళ లెక్క కాదు, ఒక్కో బారకు ఎంత తక్కువ ఖర్చు పెడుతున్నామన్న లెక్క. ఆమెకు, సాజన్‌కు సముద్రమంత తేడా ఉంది కానీ, గోడను చిన్నది చేసుకోవాలన్నది ఇద్దరికీ ఒకటే.

మొన్న వేసవిలో హైదరాబాద్‌లో మా మనవరాలి ఈత క్లాసుకు వెళ్ళాను. పదకొండేళ్ళ పిల్ల. కొలను పొడవు 25 మీటర్లు. గట్టు మీది కుర్రాడు ఈల వేసి అరుస్తున్నాడు: "కొట్టు, కొట్టు!" ఊరు మారింది, తరం మారింది, నీళ్ళలో క్లోరిన్ కలిసింది, పాఠం మాత్రం మా బావిదే. నేను ఊరికే బారలు లెక్కపెట్టాను. 29. ఫోన్‌లో టైము 24 సెకన్లు.

1979లో క్రెయిగ్, పెండర్‌గాస్ట్ అనే అమెరికా పరిశోధకులు ఓ పత్రం రాశారు. వేగం అంటే నిమిషానికి వేసే బారలను బార పొడవుతో గుణించడమే, మేటివాళ్ళు గెలిచేది ఎక్కువగా బార పొడవుతో అన్నది దాని సారం. ఆ పిల్లకు ఇదేమీ చెప్పలేదు. "అమ్మడూ, ఎదర ఎవరొస్తున్నారో చూడకు. అడుగున నల్ల గీత ఉంది చూడు, దాన్నే చూస్తూ రా" అన్నాను.

"ముందు ఏముందో ఎలా తెలుస్తుంది తాతా?"

"గోడ ఉంది. అది ఎక్కడికీ పోదు."

నాలుగు రోజులకు బారలు 24, టైము 22 సెకన్లు. చెయ్యి బలం పెరగడానికి నాలుగు రోజులు చాలవు. తల దిగింది, అంతే. పెదనాన్నది తప్పని నేననను. బావిలో తలెత్తకపోతే పై నుంచి దూకేవాడు నెత్తిన పడతాడు. ఆయన నేర్పింది బతకడం, అది ముందు రావాలి.

మీ పిల్లలు ఈతకు వెళ్తుంటే ఈ ఆదివారం గట్టు మీద కూర్చుని ఫోన్‌లో మునిగిపోకండి. ఒక పొడవుకు ఎన్ని బారలు, ఎన్ని సెకన్లు, గట్టెక్కగానే నాడి ఎంత, మూడు అంకెలు ఓ నోటుబుక్కులో రాయండి. నెలకోసారి కోచ్‌కు చూపించండి. మా మనవరాలి నోటుబుక్కు మూడో పేజీలో ఉంది.